అచ్చులంకలో అమ్మవారిని బోర్లించే ఆచారం

అచ్చులంకకు రావాలంటే పడవ ఎక్కక తప్పదు. గోదావరి సముద్రంలో కలవబోయే ముందు విడిపోయిన ఒక సన్నని పాయ నడుమ ఈ లంక ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా వంతెన మాట కూడా వస్తుంది, వాటితోనే వెళ్ళిపోతుంది. అంతవరకూ కొప్పాడి వారి పడవే దిక్కు. రేవులో దిగి కొబ్బరితోట దాటగానే పెంకుల కప్పుతో, సున్నపు గోడలతో కనిపించేదే శ్రీ అచ్చులమ్మ తల్లి ఆలయం. గోపురం లేదు. ధ్వజస్తంభం ఒక తుపానులో ఒరిగిపోతే మళ్ళీ నిలపలేదు. ఇంత దూరం వచ్చింది దీనికోసమా అని రేవులోనే నిట్టూర్చే వారిని ఏటా చూస్తుంటాము. వారు తిరిగి పడవ ఎక్కేటప్పుడు కూడా చూస్తుంటాము. అప్పుడు ఎవరూ ఆ మాట అనరు.

గర్భగుడిలో విగ్రహం కోసం వెతకవద్దని భక్తులకు ముందుగానే మనవి. ఇక్కడ రాతి పీఠం మీద ఒక ఇనుప చట్రం ఉంటుంది. ఆ చట్రంలో చెక్క ముక్కలతో బిగించిన సీసపు అక్షరాలు ఉంటాయి. ఒక్కొక్కటి వక్కంత ఉంటుంది. ఆ అక్షరాలే అమ్మవారు. ఎదురుగా నిలబడి చూస్తే అవి తిరగబడి కనిపిస్తాయి గనుక చదవడం కుదరదు. అందుకే వాటికి ఎదురు గోడకు ఒక నిలువుటద్దం అమర్చారు. భక్తులు అమ్మవారికి వీపు పెట్టి, అద్దం వైపు తిరిగి దర్శనం చేసుకోవాలి. వేరే గుడిలో అయితే ఇది అపచారం. ఇక్కడ ఇదే పద్ధతి. అద్దంలో ‘ఓం నమః శివాయ’ అనే అక్షరాలు సూటిగా కనిపిస్తాయి. పూర్వం పిల్లలకు పలక మీద మొట్టమొదట రాయించే మాట ఇదేనని పెద్దలందరికీ తెలుసు. అద్దం కనిపించగానే అమ్మవారిని మరిచి జుట్టు సవరించుకునే వారు కూడా కొందరు వస్తుంటారు. అర్చకులు హారతి పళ్ళెం వారి ముందుకు జరుపుతారు.

అద్దంలో కాస్త నిదానంగా చూసిన వారికి మరొక సంగతి తెలుస్తుంది. ఆ అక్షరాలు తిన్నగా నిలబడి ఉండవు. న మీద, మ మీద, య మీద ఉన్న తలకట్లు ఉండవలసిన దానికన్నా పొడుగ్గా సాగి, గింజ బరువుకు వంగిన వరికంకిలా కుడివైపుకు వాలి ఉంటాయి. వాటిని సరిచేయించి కొత్త చట్రం చేయిస్తామని ముందుకొచ్చిన దాతలు లేకపోలేదు. ఆలయం వారు దండం పెట్టి వద్దన్నారు. ఆ వాలు ఎందుకు వచ్చిందో, ఏటేటా మాఘ పౌర్ణమినాడు అమ్మవారిని ఏటి ఒడ్డుకు తీసుకువెళ్ళి ఇసుకలో ఎందుకు బోర్లిస్తారో, ఆనాడు నైవేద్యానికి బొబ్బట్లే ఎందుకు చేస్తారో తెలియజేయడానికే ఈ చిన్న పుస్తకం. పెద్దలు చెప్పగా విన్నది విన్నట్టు రాశాము. మా సొంత కల్పన ఏదైనా దొర్లి ఉంటే అమ్మవారు మన్నించుగాక.

పూర్వం ఇక్కడ ఊరంటూ లేదు. నీటి అంచున నాలుగు పల్లెకారుల గుడిసెలు, వాటికి ఎగువన లక్కోజు భద్రాచారి అనే కంసాలి కొలిమి మాత్రం ఉండేవి. భద్రాచారిది నిజానికి ఏటి అవతల గట్టు. తాతలనాటి నుంచి వారిది బంగారం పని. ఆ గట్టును ఏలిన జమీందారు ఆ రోజుల్లో ముచ్చటపడి ఒక అచ్చుయంత్రం తెప్పించుకున్నాడు. యంత్రం వచ్చింది గాని దానిలో పెట్టడానికి ఆయన మనసుకు నచ్చిన తెలుగు అక్షరాలు ఎక్కడా దొరకలేదు. నగల మీద చీమ తలంత పువ్వును చెక్కగలిగిన భద్రాచారి చేయి అక్షరాన్ని కూడా చెక్కగలదని తలచి ఆయనను పిలిపించాడు. భద్రాచారి ఒప్పుకున్నాడు. సీసం కరిగిస్తే వచ్చే పొగ ఇళ్ళ మధ్య మంచిది కాదని, కొలిమిని మాత్రం ఈ లంక మీద పెట్టుకున్నాడు. భార్య సూరమ్మ, కూతురు కామాక్షి ఆయన వెంట వచ్చారు.

అక్షరానికి పోత ఎలా పోస్తారో ఇక్కడ కొంత చెప్పాలి, లేకపోతే తరువాతి కథ అందదు. ముందుగా ఒక ఉక్కు కడ్డీ కొనమీద అక్షరాన్ని ఉబ్బెత్తుగా చెక్కుతారు. ఆ కడ్డీని రాగి దిమ్మ మీద ఉంచి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే రాగిలో అక్షరం గుంటగా దిగుతుంది. ఆ గుంటలో సీసమూ తగరమూ కరిగించి పోస్తే చల్లారాక సీసపు అక్షరం బయటికి వస్తుంది. దానికి సిరా రాసి కాగితం మీద ఒత్తితే అక్షరం సూటిగా పడుతుంది. కాగితం మీద సూటిగా పడాలంటే సీసంలో అది తిరగబడి ఉండాలి. అంటే చెక్కేవాడు ప్రతి అక్షరాన్నీ అద్దంలో చూసినట్టు, కుడిని ఎడమగా, ఎడమను కుడిగా చెక్కాలి. గుణింతాలు, వత్తులతో కలిపి తెలుగుకు కావలసిన కడ్డీలు వందలకొద్దీ ఉంటాయి. భద్రాచారి ఏళ్ళ తరబడి ఆ పనే చేశాడు. చేయగా చేయగా తిరగబడ్డ అక్షరమే ఆయన కంటికి సూటి అక్షరమైపోయింది.

ఆయనకు అక్షరం విషయంలో ఒకటే పట్టుదల. అక్షరం నిలబడాలి. తలకట్టు గీత గీసినట్టు తిన్నగా ఉండాలి, ఏ ఒక్కటీ పక్కదాని మీద వాలకూడదు. వాలిన అక్షరాన్ని తాగివచ్చిన మనిషిని చూసినట్టు చూసేవాడట. వాలు కనిపిస్తే నెలంతా పడ్డ కష్టాన్నయినా ఒక్క నిమిషంలో ఆకురాయి పెట్టి అరగదీసేసేవాడు.

కామాక్షికి అప్పటికి పళ్ళు ఊడి మళ్ళీ వస్తున్న వయసు. ఆడపిల్లలకు చదువెందుకనే రోజులవి. అయినా చుట్టూ అక్షరాల మధ్యే పెరుగుతున్న పిల్ల గనుక ఎవరూ నేర్పకుండానే పట్టుకుంది. తల్లి ఏటి ఒడ్డున బూడిదతో గిన్నెలు తోముకుంటుంటే, పిల్ల ఆ పక్కనే తడి ఇసుకలో వేలితో ‘ఓం నమః శివాయ’ అని రాసేది. ఎప్పుడు రాసినా తలకట్టు పొడుగ్గా లాగేది, అది కుడివైపుకు వాలిపోయేది. సూరమ్మకు చదువు రాదు. ఏ అక్షరం పేరేమిటో ఆమెకు తెలియదు. కాని రోజూ చూసి చూసి కూతురి అక్షరాల నడక మాత్రం ఆమెకు కంఠతా వచ్చేసింది. పోటు వచ్చి నీళ్ళు వాటిని తీసుకుపోయేదాకా అక్కడే కూర్చుని చూసేది.

మాఘమాసంలో ఒకనాడు అక్షరాలు చూసిపోవడానికి జమీందారు మనుషులు వస్తున్నారని కబురొచ్చింది. భద్రాచారి పొద్దుటినుంచీ కుదురుగా లేడు. రేవుకు వెళ్తూ దారిలో కూతురి రాత చూశాడు. వచ్చేవారి కంట ఇది పడితే తన ఇంటి అక్షరమే ఇలా ఉందని నవ్వుతారనుకున్నాడు. వంగి అరచేత్తో తుడిచేసి, మళ్ళీ తిన్నగా రాయమన్నాడు. పిల్ల రాసింది. మళ్ళీ అలాగే వాలింది. అప్పటికే పడవ కనబడుతోంది. ఆ తొందరలో, ఆ చిరాకులో ఆయన వంగలేదు. కాలితో తుడిచేశాడు.

అక్షరాన్ని కాలితో తాకకూడదు. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే జాతి మనది. అక్షరాన్నే నమ్ముకుని బతుకుతున్నవాడు ఆ పని చేశాడు. కామాక్షి ఏడవలేదు. “నాకు అలాగే వస్తది నాన్నా,” అని మాత్రం అంది. వేళ్ళకు అంటిన ఇసుక పరికిణీకి తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మరునాటికి పిల్లకు ఒళ్ళు కాలింది. ఆ తరువాత ఒంటినిండా అమ్మవారు పోసింది. ఆ ఏడు గోదావరి గట్టు పొడుగునా ఎన్నో ఇళ్ళలో పోసింది. వేపమండలు కట్టారు, చద్ది నైవేద్యాలు పెట్టారు, మొక్కని దేవత లేదు. మాఘ పౌర్ణమి వచ్చేసరికి కామాక్షి లేదు.

అందరూ వచ్చి ఓదార్చారు. పదిమందీ వెళ్ళిపోయిన తరువాత సూరమ్మ భర్తను పిలిచి ఒక్కటే చెప్పింది.

“పిల్లను అమ్మవారు తీసుకుంది. ఆవిడతో నేను దెబ్బలాడలేను. పిల్ల రాసింది మాత్రం మీరు తీసేశారు. అది నాకు తెచ్చి ఇవ్వండి.”

ఆ తరువాత ఆమె భర్తతో మాటలాడటం మానేసింది. అన్నం వండి పెట్టేది, నీళ్ళు తోడి పెట్టేది, మాట మాత్రం లేదు. పని అయిపోగానే వెళ్ళి, పిల్ల రాసుకునే చోట ఇసుకలో కూర్చునేది. పిల్ల మొహం గుర్తు తెచ్చుకోబోతే, ఒంటినిండా పొక్కులతో ఉన్న ఆ చివరి మొహమే వస్తోందని పల్లెకారుల ఆడవాళ్ళతో చెప్పుకుని ఏడ్చిందట. కళ్ళముందు నిలుపుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ అక్షరాలొక్కటే. అవి కూడా రోజురోజుకీ మనసులో చెదిరిపోతున్నాయి.

భద్రాచారి జమీందారు పని ఆపేశాడు. అంతవరకూ చెక్కిన తిన్నని అక్షరాలన్నిటినీ ఒక పెట్టెలో పడేసి మూత పెట్టాడు. కొత్త ఉక్కు కడ్డీలు తీసుకుని, కూతురి చేతిరాతను జ్ఞాపకం మీద చెక్కడం మొదలుపెట్టాడు. తలకట్టు ఎంత పొడుగు లాగేది, ఎక్కడ వంచేది, న తోక ఎంత దూరం పోయేది, ఇవే ఆయనకు పగలంతా ధ్యాస. కుదరనప్పుడు లేచి వెళ్ళి ఇసుకలో వేలితో, చేతి అలవాటు కొద్దీ తిరగేసే రాసి చూసుకునేవాడు. రాసింది ఏదీ తుడిచేవాడు కాదు. లంక అంచు చుట్టూ ఆయన రాతే కనిపించేదనీ, చేపలు ఎండబెట్టుకోవడానికి చోటు లేక ఆడవాళ్ళు పక్క లంకకు పోయేవారనీ చెబుతారు. అవసరానికి మించి వారు కూడా దాని మీద అడుగు పెట్టలేదు.

వానలు వెలిసేనాటికి పని పూర్తయింది. ఇసుకలో పిల్ల రాసినంత పెద్దగా సీసపు అక్షరాలు పోశాడు. వరుస పేర్చి, ఇనుప చట్రంలో ఉంచి, చుట్టూ చెక్క ముక్కలు దిగగొట్టి బిగించాడు. పసుపు నీళ్ళతో కడిగి, బొట్టు పెట్టి, రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళి భార్య ఒడి ముందు పెట్టాడు. ఇన్ని నెలలకు ఆమె ఏదైనా మాట అంటుందని ఆయన ఆశ.

సూరమ్మ చట్రం మీద చేయి వేసి తడిమింది. చాలాసేపు చూసింది. “ఇది దానిది కాదు,” అంది. “దాని రాత అటు వాలేది. ఇది ఇటు వాలుతోంది.” వాలును చేత్తో గాలిలో గీసి చూపించింది కూడా.

ఆయన చేసిన పొరపాటు ఆ వృత్తిలో ఉన్నవాడు తప్ప మరొకడు చేయలేడు. సీసపు అక్షరం తిరగబడి ఉంటుందనీ, ఇతరుల కళ్ళకు అది ఎదురు వాలుగా కనిపిస్తుందనీ ఆయనకు తట్టనే లేదు. సిరా రాసి ఒక కాగితం మీద ఒత్తి ఆమె చేతికిచ్చి ఉంటే కథ అక్కడితో ముగిసేది. కాని ఏళ్ళ తరబడి తిరగబడ్డ అక్షరాన్నే సూటిగా చదువుకున్న కళ్ళకు ఆ వాలు కుడివైపుకే ఉన్నట్టు కనిపిస్తోంది. ఎంత చూసినా అలాగే ఉంది. తల్లికి గుర్తున్నది తప్పయ్యే వీలు లేదు. అయితే తప్పు తనదే అయి ఉండాలి. కన్న కూతురి చేతిని తానే మరిచిపోయాననుకున్నాడు. ఆ మాట ఆయనను పడగొట్టినట్టు మరేదీ పడగొట్టలేదు. చట్రాన్ని ఎత్తుకుని, రేవులో ఉన్న చిన్న దోనె మీద పాయ నడుమకు వెళ్ళి, లోతైన చోట నీళ్ళలో విడిచిపెట్టాడు.

మళ్ళీ మాఘం వచ్చింది. కొప్పాడి పోలయ్య అనే పల్లెకారు పాయలో వల వేసి లాగుతుంటే, చేపకు ఉండని బరువు తగిలింది. అతి కష్టం మీద పైకి తీస్తే ఇనుప చట్రం, దాని నిండా సీసం. పోలయ్యకు చదువు రాదు. చట్రం పైకి వచ్చినప్పుడు అతనికి కనిపించింది మంచి సీసం. వల అంచుకు కట్టే గుళ్ళకు సీసం కావాలి. చేతికి దొరికినదాన్ని వదిలేసేంత అమాయకుడు కాడు. కరిగించి గుళ్ళు పోసుకుందామని చట్రాన్ని పడవలో వేసుకున్నాడు. నెలల తరబడి నీళ్ళలో ఉన్నా ఒక్క అక్షరం కూడా ఊడిపోలేదు. నీటికి చెక్క ముక్కలు ఉబ్బి ఇంకా గట్టిగా బిగిశాయని లెక్క చెప్పేవారు చెబుతారు. అమ్మవారు పట్టుకుని ఉన్నదని మేము అంటాము. రెండూ నిజమే కావచ్చు.

మధ్యాహ్నం గాలి పడిపోయి, పోలయ్య పడవలోనే కునుకు తీశాడు. ఆ కునుకులో పడవ ముక్కు మీద ఒక ఆడపిల్ల కూర్చుని కనిపించింది. జుట్టు నీళ్ళోడుతోంది. మొహాన ఒక్క పొక్కు లేదు. పోలయ్యకు ఆ పిల్ల ఎవరో వెంటనే తెలిసింది. ఏటి అవతలికి ఎన్నోసార్లు తన పడవలోనే దాటించిన పిల్ల.

“పోలయ్య మావా, నన్ను గుళ్ళు పొయ్యకు,” అంది ఆ పిల్ల. “మా అమ్మ కూకునే కాడ దింపు. బోర్లా దింపు.”

పిల్లను ఎవరైనా వెల్లకిలా పడుకోబెడతారుగాని బోర్లా పడుకోబెడతారా, తప్పు కదమ్మా అని పోలయ్య కలలోనే అడిగాడట. దానికి ఆ పిల్ల, “నా మొహం ఇసకలో ఉంటేనే మా అమ్మకి కనపడతాను,” అంది. పోలయ్య ఉలిక్కిపడి లేచేసరికి పడవ ముక్కు మీద తడి ఉంది, మరేమీ లేదు.

అతను మారు ఆలోచన చేయకుండా పడవను లంక వైపు తిప్పాడు. అది మాఘ పౌర్ణమి. ఆటు మీద నీళ్ళు బాగా వెనక్కి తీసి, ఇసుక తడిగా, మెత్తగా బయటపడి ఉంది. సూరమ్మ ఎప్పటిలాగే అక్కడ కూర్చుని ఉంది. ఇంటి అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్న భద్రాచారి, పోలయ్య చేతుల్లో చట్రాన్ని చూసి లేచి నిలబడ్డాడు. దగ్గరికి రాలేకపోయాడు. పోలయ్య సూరమ్మ ముందు మోకాళ్ళ మీద వంగి, చట్రాన్ని ఇసుకలో బోర్లించి, రెండు చేతులా బరువేసి అదిమి, మెల్లగా పైకెత్తాడు.

ఇసుకలో ‘ఓం నమః శివాయ’ అని ఉంది. తలకట్లు పొడుగ్గా సాగి, కుడివైపుకు వాలి ఉన్నాయి. అదే చోట, అంతే పెద్దగా, పిల్ల ఇప్పుడే రాసి చేయి తుడుచుకోవడానికి లేచి వెళ్ళినట్టు ఉన్నాయి.

సూరమ్మ పెద్దగా ఏడ్చింది. బిడ్డ పోయిననాడు కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అరుగు దిగి పరుగున వచ్చిన భద్రాచారి ఆ అక్షరాలను చూసి, తన చేయి మరిచిపోలేదని అప్పుడు తెలుసుకున్నాడు. వాటిని తాకబోయి చేయి ముందుకు చాచాడు. సూరమ్మ ఆ చేయి పట్టుకుని ఆపింది. ఆ చట్రాన్ని కాదన్న తరువాత ఆమె భర్తతో మాట్లాడిన మొదటి మాట అదే.

“ఈసారి తుడవకండి,” అంది.

ఆయన తుడవలేదు. ఇద్దరూ ఆ అక్షరాలకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. సాయంకాలం పౌర్ణమి పోటు వచ్చింది. మొదటి అల వచ్చి ఓంకారాన్ని తడిపింది, తరువాతి అలలు ఒక్కొక్క అక్షరాన్నీ తీసుకున్నాయి. మళ్ళీ పోతున్నాయే అని భద్రాచారి తల్లడిల్లాడు. సూరమ్మ మాత్రం స్థిమితంగా చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు అంతా సాపు చేసి వెళ్ళిన తరువాత, పక్కనే ఉన్న సీసపు చట్రాన్ని కొంగుతో తుడిచి, రేపు మళ్ళీ రాయిద్దామని అంది. సీసపు అక్షరం ఎందుకు పోస్తారో అన్నేళ్ళు పోసిన భద్రాచారికి ఆ పూట అర్థమైందని పెద్దలు చెబుతారు. ఒకసారి రాసింది పోతుంది. అచ్చు ఉంటే మళ్ళీ వస్తుంది.

ఆ తరువాతి సంగతి టూకీగా చెబుతాము. భద్రాచారి పెట్టెలోని తిన్నని అక్షరాల జోలికి మళ్ళీ పోలేదు. తెలుగు మొత్తాన్నీ, అ నుంచి చివరి వత్తుదాకా, కూతురి వాలులోనే చెక్కాడు. కామాక్షి నేర్చుకోకుండానే పోయిన అక్షరాలు ఎన్నో ఉన్నాయి. వాటిని కూడా ఆమె అయితే ఎలా రాసేదో ఆలోచించి చెక్కాడు. ఒక్కొక్కటి ఇసుకలో ఒత్తి సూరమ్మకు చూపించేవాడు. ఆమె ఔనంటే ఉంచేవాడు, కాదంటే అరగదీసేవాడు. చదువు రాని తల్లి ఔననగా నిలిచిన అక్షరాలు అవి.

జమీందారు వాటిని చూసి మొదట మొహం చిట్లించాడు. తాను అడిగినవి ఇవి కావన్నాడు. ఒక పుట అచ్చు వేయించి, చూపు మందగించిన తన తల్లికి ఇచ్చి, ఎలా ఉందో చెప్పమన్నాడు. ఆమె దీపం దగ్గరికి జరగకుండా ఆ పుట చివరిదాకా చదివి, ఎవరో పక్కన కూర్చుని చదివి వినిపించినట్టుందని అన్నదట. ఆయన ఆ అక్షరాలనే ఉంచుకున్నాడు. అప్పటినుంచి అవి ‘లంక అక్షరాలు’ అనే పేరుతో ఏటికి ఇరువైపులా అచ్చుకూటాలకు వెళ్ళాయి. పంచాంగాలు వాటితో వేశారు, శుభలేఖలు వాటితో వేశారు, బళ్ళలో వాచకాలు వాటితో వేశారు. ఆ వాచకాల్లో దిద్దుకున్న పిల్లలు తలకట్టును కాస్త కుడికి వాల్చి రాయడం ఈ ప్రాంతంలో చాలాకాలం కనిపించేది. పంతుళ్ళు బెత్తం పట్టుకున్నా అది పోలేదు.

భద్రాచారి, సూరమ్మ ఇద్దరూ ఈ లంకలోనే కాలం చేశారు. ఉక్కు కడ్డీలు పెద్ద వరదలో ఏటి పాలయ్యాయి. ఆ మొదటి చట్రాన్ని మాత్రం పోలయ్య కుటుంబం వారు చెట్టుకు కట్టి కాపాడారు. నీళ్ళు తీశాక దానికి పందిరి వేశారు, పందిరి గుడిసె అయింది, గుడిసె గుడి అయింది. కొలిమి ఉన్న లంక అచ్చులంక అయింది. కామాక్షి అచ్చులమ్మ తల్లి అయింది. పూజ లక్కోజు వారిది, అమ్మవారిని ఎత్తే హక్కు కొప్పాడి వారిది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు, దాని మీద ఇంతవరకూ తగవు వచ్చిన దాఖలా లేదు.

నేటికీ మాఘ పౌర్ణమినాడు ఆటు వేళకు అమ్మవారిని బయటికి తెస్తారు. కొప్పాడి వారిలో పెద్దవాడు మోకాళ్ళ మీద వంగి, చట్రాన్ని తడి ఇసుకలో బోర్లించి ఎత్తుతాడు. అప్పుడు మేళం ఆపేస్తారు. పిల్ల తొలిసారి బోర్లా పడిననాడు ఇళ్ళలో ఏం వండి పంచుతారో ఇక్కడా అవే వండుతారు, ఆ బొబ్బట్లే ప్రసాదం. ఆ తరువాత తల్లులు తమ పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని, అమ్మవారి అక్షరాల పక్కన ఇసుకలో వారి చేత మొదటి అక్షరం రాయిస్తారు. పిల్ల చేయి పట్టుకుని దిద్దించడం ఇక్కడ లేదు. వంకరగా రాసినా, తలకిందులుగా రాసినా, ఒట్టి గీత గీసినా అదే ఆ పిల్ల అక్షరం. తండ్రులు చేతులు కట్టుకుని వెనుక నిలబడాలి. పట్నాల నుంచి వచ్చే తండ్రులకు ఇది కొంచెం కష్టంగా ఉంటుందని గమనించాము.

సీసపు అక్షరాల కాలం ఇప్పుడు అయిపోయింది. కంప్యూటర్లు వచ్చాయి, అచ్చుకూటాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మూసేటప్పుడు లంక అక్షరాలను తూకానికి వేయలేక, ఇక్కడికి తెచ్చి అమ్మవారి పీఠం దగ్గర పెట్టి వెళ్ళేవారు ఉన్నారు. పీఠం పక్కన మీరు చూసే చెక్క గూళ్ళలో ఉన్నవి అవే. మొన్నటి ఉత్సవానికి సంగాడి సుగుణమ్మ అనే పెద్దావిడ వచ్చింది. ఒక అచ్చుకూటంలో ఆమె వయసంతా అక్షరాలు పేర్చింది. అన్నం కేరేజీ నిండా అక్షరాలు తెచ్చి, గూటిలో ఒక్కొక్కటే సర్దింది. కళ్ళు సరిగా కనబడటం లేదు, వేలితో తడిమి దేని గూటిలో దాన్ని వేసింది. వీటితో మీకు ఇంకేం పని అమ్మా అని ఎవరో అడిగారు. “పని లేదు బాబూ. పారెయ్యబుద్ధి కాలేదు,” అంది. ఆ రోజు పోటు వచ్చేదాకా ఆమె ఏటి ఒడ్డునే కూర్చుంది.

మాట ఆలస్యమైన పిల్లలకు, చదువు మీద భయం పట్టుకున్న పిల్లలకు ఇక్కడ మేలు జరుగుతుందని నమ్మకం. మాటలు మానుకున్న భార్యాభర్తలు కలిసి వచ్చి, అద్దం ముందు పక్కపక్కన నిలబడి మొక్కుకుంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు కూడా వస్తారు. వారు ఏమీ కోరరు. బిడ్డ పేరు అర్చకుల చెవిలో చెబితే, గూళ్ళలోని అక్షరాల నుంచి ఆ పేరు పేర్చి, అమ్మవారి అక్షరాల పక్కన ఇసుకలో ఒత్తుతారు. తల్లి చూసినంతసేపు చూస్తుంది. తరువాత ఏరు తీసుకుంటుంది. కావాలంటే మళ్ళీ ఏడాది రావచ్చు, ఆ పేరు మళ్ళీ వస్తుంది. ఇంతకు మించిన ఫలం ఏదైనా ఉందేమో మాకు తెలియదు.

చివరిగా భక్తులకు ఒక విన్నపం. ఉత్సవంనాడు జనం ఎక్కువగా ఉంటారు, పడవ తొందర కూడా ఉంటుంది. అయినా నడిచేటప్పుడు కింద చూసుకుని నడవండి. అమ్మవారి అక్షరాలు కావచ్చు, పక్కింటి పిల్ల గీసిన వంకర గీత కావచ్చు, అది ఎవరి రాతో మీకు తెలియదు. పోటు దాని వేళకు అదే వస్తుంది. అందాకా దయచేసి ఇసుకలో ఉన్నదాన్ని తుడవకండి.